మూగబోయిన ల్యాండ్‌లైనుకు బ్రాడ్‌బ్యాండ్ వస్తుందా?
బాకీ, డిపాజిట్, నంబరు తేల్చుకున్నాకే దరఖాస్తు మేలు

అమలాపురం: ఇంట్లో ల్యాండ్‌లైను ఉంది. అది మోగి ఏళ్లు గడిచాయి. పిల్లల ఆన్‌లైన్ పాఠాలకో, ఇంటి నుంచి చేసే ఉద్యోగానికో, గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్న కుమారుడితో ముఖాముఖి మాట్లాడేందుకో బ్రాడ్‌బ్యాండ్ అవసరమైంది. ఉన్న తీగకే అది వస్తుందా, కొత్త తీగ లాగించుకోవాలా, ఎప్పటిదో పాత బాకీ ఇప్పుడు కట్టాలా, కాలం చేసిన తండ్రి పేరున ఉన్న నంబరు ఏమవుతుంది అన్న సందేహాలు కోనసీమలో అనేక కుటుంబాలకు ఎదురవుతున్నాయి. వీటికి ఒకే సమాధానం లేదు. ఫోను ఎందుకు మూగబోయిందన్న దానిని బట్టి దారి మారుతుంది. అది తేల్చుకోకుండా దరఖాస్తు పెడితే చెల్లించనవసరం లేని సొమ్ము చెల్లించడం, రావలసిన సొమ్ము వదులుకోవడం రెండూ జరగవచ్చు.

మౌనం ఒకటే... కారణాలు మూడు

రిసీవరు ఎత్తితే డయల్‌టోన్ రాకపోవడానికి ప్రధానంగా మూడు కారణాలుంటాయి. మొదటిది తీగ తెగడం. ఖాతా సజీవంగానే ఉంటుంది, బిల్లూ వస్తూనే ఉంటుంది, శబ్దం మాత్రం రాదు. రెండోది బిల్లు చెల్లించనందువల్ల సేవ నిలిపివేయడం. తొలుత బయటికి వెళ్లే కాల్స్, ఆ తరువాత లోనికి వచ్చే కాల్స్ ఆపుతారు. ఈ దశలో బాకీ చెల్లిస్తే పాత నంబరు తిరిగి పలికే అవకాశం ఉంది. మూడోది ఖాతా శాశ్వతంగా మూసివేత. అప్పుడు ఇంటి గోడకు ఉన్న తీగ ఉత్త తీగే. ఎక్స్ఛేంజీలో ఆ ఇంటికి కేటాయించిన రాగి తీగల జతను మరొకరికి ఇచ్చి ఉండవచ్చు, నంబరు కూడా చేతులు మారి ఉండవచ్చు.

ఈ మూడింటి నడుమ మరో స్థితి ఉంది. ఊరు విడిచి కొంతకాలం దూరంగా ఉండేవారు తమ నంబరును 'సేఫ్ కస్టడీ'లో ఉంచమని కోరే సదుపాయం బీఎస్ఎన్ఎల్‌లో చాలా కాలంగా ఉంది. పిల్లల వద్దకు విదేశాలకు వెళ్లిన వృద్ధ దంపతులు దీన్ని వాడుకున్న సందర్భాలున్నాయి. అయితే ఆ గడువు ముగిసిన సంగతి మరచి, నంబరు తమదేనన్న ధీమాతో ఉండిపోయేవారూ ఉంటారు. అటువంటివారు ముందుగా ఖాతా స్థితిని కనుక్కోవాలి.

ఇంటి వద్దే తొలి పరీక్ష

లైన్‌మన్‌ను పిలవకముందే చేయదగిన పరీక్ష ఒకటుంది. ఇంటి నంబరుకు సెల్‌ఫోను నుంచి కాల్ చేయాలి. అమలాపురం పరిధిలోనైతే 08856 కోడ్ కలిపి ఆరంకెల నంబరు నొక్కాలి. అవతల రింగు వినిపిస్తూ ఇంట్లో ఫోను మోగకపోతే తీగ ఎక్కడో తెగి ఉండవచ్చు, లేదా ఫోను పరికరమే చెడి ఉండవచ్చు. ఎప్పుడు చేసినా బిజీ టోనే వస్తుంటే రెండు తీగలు ఒకదానికొకటి తగిలి ఉండే అవకాశం ఎక్కువ. సేవ తాత్కాలికంగా నిలిపివేశామన్న ప్రకటన వస్తే బాకీ సంగతి చూసుకోవాలి. నంబరు మనుగడలో లేదన్న ప్రకటన వస్తే ఖాతా మూసివేసినట్లే. వేరెవరో ఫోను ఎత్తితే ఇక ఆ నంబరుపై ఆశ వదులుకోవలసిందే.

రెండో పరీక్ష ఇంటి లోపలిది. తీగ ఇంట్లోకి వచ్చి చేరే తొలి పెట్టె, అంటే రోజెట్, దగ్గర మిగిలిన సమాంతర ఫోన్లన్నీ తీసివేసి, పనిచేస్తుందని తెలిసిన ఫోను ఒక్కటే తగిలించి చూడాలి. పడకగదికీ వంటింటికీ గోడల వెంట లాగిన పాత తీగలను ఎలుకలు కొరకడం, సున్నం వేసేటప్పుడు తీగలు తెగడం మామూలే. రోజెట్ వద్ద డయల్‌టోన్ వచ్చి లోపలి గదిలో రాకపోతే దోషం ఇంట్లోనే ఉంది. ఎక్స్ఛేంజీ నుంచి వచ్చే తీగలో ఫోను మోగనప్పుడు దాదాపు 48 వోల్టుల ఏకముఖ విద్యుత్తు ఉంటుంది, మోగే సమయంలో వోల్టేజీ అంతకు మించుతుంది. పైపొర ఊడిన తీగను తడి చేతులతో ముట్టరాదు. ఉరుములు మెరుపులు ఉన్న వేళ అసలు ముట్టరాదు.

లైను బాగుపడ్డాక ఎదురయ్యే తికమక ఒకటుంది. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైను నుంచి సెల్‌ఫోనుకు కాల్ చేయాలంటే నంబరుకు ముందు సున్న నొక్కడం తప్పనిసరి అయింది. చాలాకాలం ఫోను వాడనివారికి ఇది తెలియదు. పాత అలవాటున పదంకెలే నొక్కి, కాల్ వెళ్లలేదని, ఇంకా బాగుకాలేదని మళ్లీ ఫిర్యాదు చేస్తారు.

రాగి తీగలో రెండు దారులు

ఒకే తీగ మీద మాటా, ఇంటర్నెట్టూ ఎలా నడిచాయో తెలిస్తే మిగతా విషయం సులభంగా బోధపడుతుంది. మనిషి మాటకు నాలుగు కిలోహెర్ట్‌జ్‌లోపు పౌనఃపున్యం చాలు. రాగి తీగ అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ పౌనఃపున్యాలను మోయగలదు. ఆ పై భాగాన్ని ఇంటర్నెట్టుకు వాడుకునే పద్ధతే ఏడీఎస్ఎల్. సుమారు 26 నుంచి 138 కిలోహెర్ట్‌జ్ వరకు ఇంటి నుంచి బయటికి, అక్కడి నుంచి 1,104 కిలోహెర్ట్‌జ్ వరకు బయటి నుంచి ఇంటికి సమాచారం నడుస్తుంది. రెంటినీ వేరుచేసే చిన్న పెట్టెను స్ప్లిటర్ అంటారు. ఫోనునూ మోడెమ్‌నూ దాని తరువాతే కలపాలి. అది లేకపోతే మాటల్లో బుసబుస శబ్దం వస్తుంది, రిసీవరు ఎత్తిన ప్రతిసారీ ఇంటర్నెట్టు తెగుతుంది.

ఇందువల్ల ఒక విచిత్రం కూడా జరుగుతుంది. రెండు తీగలలో ఒకటి తెగినా మోడెమ్ దీపం ఒక్కోసారి మినుకుమినుకుమంటూ వెలుగుతుంది. డయల్‌టోన్ మాత్రం రాదు. సాంకేతికంగా ఏడీఎస్ఎల్‌కు మాట సేవతో పనిలేదు. అయినా సంస్థ లెక్కలన్నీ ఫోను నంబరుకు ముడిపడి ఉన్నందున, మూగ లైనుకు ముందు ప్రాణం పోసి ఆ తరువాతే బ్రాడ్‌బ్యాండ్ ఇవ్వడం ఆనవాయితీ అయింది. 'ముందు ఫోను బాగుచేయించుకోండి' అన్న పాత సలహా అక్కడ పుట్టినదే.

2000 అక్టోబరు 1న ఏర్పడిన బీఎస్ఎన్ఎల్, 2005 జనవరిలో 'డేటావన్' పేరుతో బ్రాడ్‌బ్యాండ్ ప్రారంభించింది. 2004 నాటి జాతీయ విధానం ప్రకారం సెకనుకు 256 కిలోబిట్లు వస్తే చాలు, అది బ్రాడ్‌బ్యాండే. 2013లో దాన్ని 512 కిలోబిట్లకు, 2023లో 2 మెగాబిట్లకు పెంచారు. తొలినాళ్లలో కొన్ని పథకాల్లో తెల్లవారుజామున 2 గంటల నుంచి 8 గంటల వరకు ఎంత వాడినా అదనపు రుసుము ఉండేది కాదు. ఆ వేళ అలారం పెట్టుకుని లేచి సినిమాలు దింపుకున్న కుర్రాళ్లు ఇప్పుడు సంసారులై తమ పిల్లలకు కనెక్షన్ వెతుకుతున్నారు.

రాగి తీగకు దూరమే ప్రధాన శత్రువు. ఏడీఎస్ఎల్‌లోని మెరుగైన రకం కాగితం మీద 24 ఎంబీపీఎస్ వరకు ఇవ్వగలదు. ఎక్స్ఛేంజీ నుంచి తీగ పొడవు మూడు కిలోమీటర్లు దాటేసరికి అందులో సగం కూడా అందదు. ఆ దూరం రోడ్డు మీద కొలిచే దూరం కాదు, తీగ తిరిగి వచ్చిన దూరం. కాలువ దాటేందుకు వంతెన దాకా చుట్టి వచ్చే తీగలున్న కోనసీమలో ఈ తేడా చిన్నది కాదు. పైగా వర్షాకాలంలో భూగర్భ కేబుల్ అతుకుల్లోకి తేమ చేరడం, స్తంభం నుంచి ఇంటికి వచ్చే తీగపై కొబ్బరి మట్టలు పడడం ఏటా చూసేవే. 1996 నవంబరు 6 నాటి తుపానులో కొబ్బరి చెట్లతోపాటు స్తంభాలూ తీగలూ నేలకొరిగాయి.

ఇప్పుడు గాజు తీగే దారి

రాగి తీగ స్థానంలో ఆప్టికల్ ఫైబర్ వచ్చింది. బీఎస్ఎన్ఎల్ తన పాత రాగి చందాదారులను కొన్నేళ్లుగా ఫైబరుకు మారుస్తోంది. కొత్తగా బ్రాడ్‌బ్యాండ్ కోరేవారికి ఫైబరే ఇవ్వజూపుతుంది. అనేక చోట్ల ఈ కనెక్షన్లను సంస్థతో ఆదాయం పంచుకునే స్థానిక భాగస్వాములు, తరచుగా కేబుల్ టీవీ ఆపరేటర్లు, ఇస్తున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సంస్థ ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. దాని తీగలు విద్యుత్ స్తంభాల మీదుగా గ్రామాలకు చేరాయి. ప్రైవేటు సంస్థల ఫైబరు పట్టణాల్లో ఉంది. ఫైబరు చేరని చోట 5జీ సిగ్నలుతో ఇంటికి ఇంటర్నెట్టు ఇచ్చే పరికరాలు 2023 నుంచి వచ్చాయి.

దీని భావం స్పష్టం. బ్రాడ్‌బ్యాండ్ రావడానికి పాత ఫోను బతికి ఉండనవసరం లేదు. ఫైబరు గోడకున్న రాగి తీగను ముట్టుకోదు. ఎక్స్ఛేంజీ లేదా ఆపరేటరు వద్ద ఉన్న పరికరం నుంచి బయలుదేరిన ఒక గాజు తీగ దారిలో స్ప్లిటర్ల ద్వారా చీలి, 64 ఇళ్ల దాకా పంచుకోబడుతుంది. 20 కిలోమీటర్ల దూరం దానికి సమస్య కాదు. ఇంటి లోపల ఓఎన్‌టీ అనే పెట్టె ఆ కాంతిని ఇంటర్నెట్టుగా, మాటగా మారుస్తుంది. పాత ఫోను పరికరాన్ని ఆ పెట్టెకున్న ఫోను రంధ్రంలో తగిలిస్తే చాలు, పనిచేస్తుంది.

అయినా పాత లైను సంగతి తేల్చకుండా వదిలేయడం తగదు. అందులో మూడు విలువలు మిగిలి ఉంటాయి. అవి నంబరు, డిపాజిట్, బాకీ.

నంబరు పోతే తిరిగి రాదు

1980లలోనూ, 1990ల తొలి సంవత్సరాల్లోనూ ఫోను కోసం దరఖాస్తు పెట్టి ఏళ్ల తరబడి నిరీక్షించిన కుటుంబాలున్నాయి. పెళ్లి శుభలేఖల మీద, దుకాణం బోర్డుల మీద, బ్యాంకు పుస్తకాల్లో అదే నంబరు ఉండిపోయింది. దాన్ని నిలుపుకోవాలనుకునేవారు ఒక విషయం గుర్తించాలి. సెల్‌ఫోను నంబరును సంస్థ మార్చి కొనసాగించుకున్నట్లు ల్యాండ్‌లైను నంబరును మరో సంస్థకు తీసుకుపోయే సదుపాయం దేశంలో లేదు. ప్రైవేటు ఫైబరుకు మారితే పాత నంబరు పోయినట్లే. బీఎస్ఎన్ఎల్ ఫైబరుకే మారితే సాంకేతికంగా వీలున్న చోట పాత నంబరును కొనసాగిస్తారు. అయితే ఖాతా సజీవంగా ఉండగానే ఆ కోరికను దరఖాస్తులో రాతపూర్వకంగా తెలపాలి. 'ముందు పాతది సరెండర్ చేసి, తరువాత కొత్తది పెడదాం' అన్న క్రమం ఇక్కడే దెబ్బతీస్తుంది. సరెండర్ అయిన నంబరును వెనక్కి తెప్పించడం కష్టం. కొత్త ఫైబరు కనెక్షన్ పనిచేస్తోందని కళ్లారా చూసుకున్నాకే పాతదాన్ని మూయించడం ఉత్తమం.

బాకీ ఎంత... డిపాజిట్ ఎంత?

లైను మూగబోయింది కదా అని బిల్లు మానేసినవారు చాలామంది. సరెండర్ దరఖాస్తు ఇవ్వకుండా మానేస్తే సంస్థ దృష్టిలో వారు ఎగవేతదారులే. ఏళ్ల తరువాత నోటీసు వస్తుంది. జాతీయ లోక్ అదాలత్‌లకు ముందు బీఎస్ఎన్ఎల్ పాత బాకీలపై ప్రీ లిటిగేషన్ నోటీసులు అందడం జిల్లాల్లో పరిచితమైన సంగతే. కంగారు పడనక్కరలేదు, అలాగని చించి పారేయనూ కూడదు. లోక్ అదాలత్ ఇరుపక్షాల సమ్మతితో రాజీ కుదిర్చే వేదిక. బాకీలో కొంత తగ్గించమని అక్కడ అడగవచ్చు.

చెల్లించేముందు చూడవలసినవి ఉన్నాయి. బాకీ ఏ నెల నుంచి ఏ నెల దాకా వేశారో వివరం కోరాలి. లైను పనిచేయదని ఫిర్యాదు చేసిన తరువాతి నెలలకూ అద్దె వేసి ఉంటే, ఫిర్యాదు సంఖ్య చూపి అభ్యంతరం చెప్పాలి. కనెక్షన్ తీసుకున్నప్పుడు కట్టిన సెక్యూరిటీ డిపాజిట్‌ను బాకీలోంచి మినహాయించారో లేదో అడగాలి. అద్దెకు తీసుకున్న మోడెమ్‌ను తిరిగి ఇచ్చినట్లు రసీదు లేకపోతే దాని ఖరీదు కూడా పడవచ్చు. అటక మీద పడి ఉన్న ఆ మోడెమ్‌ను దించి కార్యాలయంలో అప్పగించి రసీదు పుచ్చుకోవడం లాభసాటి పని.

బాకీ లేనివారికి డిపాజిట్ తిరిగి రావాలి. సేవ మూసివేశాక 60 రోజుల్లో డిపాజిట్ వాపసు చేయాలని ట్రాయ్ 2009 నాటి నియమాల్లో నిర్దేశించగా, 2024 నియమాల్లో ఆ గడువును 45 రోజులకు తగ్గించింది. ఇందుకు సరెండర్ దరఖాస్తు నకలుపై కార్యాలయ ముద్ర, తేదీ ఉండాలి. నోటి మాటగా 'తీసేయండి' అని లైన్‌మన్‌కు చెప్పి ఊరుకున్నవారి వద్ద చూపడానికి ఏమీ ఉండదు.

ఇక బాకీ చెల్లిస్తేనే బ్రాడ్‌బ్యాండ్ వస్తుందా అంటే, అదే సంస్థలో అదే పేరున కొత్త కనెక్షన్ కోరితే పాత బాకీ అడ్డుపడుతుంది. వేరే సంస్థ వద్ద తీసుకుంటే వారికి ఆ బాకీతో సంబంధం లేదు. కొత్త కనెక్షన్ వచ్చినంత మాత్రాన పాత బాకీ మాత్రం మాసిపోదు.

చందాదారు కాలం చేసి ఉంటే

పెద్దవారి పేరున ఉన్న లైనును వారి మరణానంతరం అలాగే వాడుకుంటూ రావడం పల్లెల్లో సర్వసాధారణం. చిక్కు వచ్చేది ఫైబరుకు మారేటప్పుడు. దరఖాస్తుపై సంతకం, గుర్తింపు పత్రం చందాదారువే కావాలి. అందువల్ల తొలుత ఖాతాను వారసుల పేరున మార్చుకోవాలి. మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, మిగిలిన వారసుల నిరభ్యంతర పత్రం, పేరు మార్చుకునేవారి ఆధార్, చివరి బిల్లు సిద్ధం చేసుకోవాలి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు వేర్వేరు దేశాల్లో ఉంటే సంతకాలకే నెలలు పట్టవచ్చు. నంబరుపై మమకారం లేకపోతే వారసులలో ఒకరు తమ పేరున కొత్త కనెక్షన్ తీసుకుని, పాత ఖాతాను మూయించి డిపాజిట్ కోరడం సులువైన మార్గం. బ్రాడ్‌బ్యాండ్ ఆ సంతకాల కోసం ఆగవలసిన పని ఉండదు.

తీగ వేసే రోజున

దరఖాస్తుకు ముందే పక్కింటివారు ఏ సంస్థ సేవ వాడుతున్నారో, వానాకాలంలో ఎన్నిసార్లు ఆగిందో అడిగి తెలుసుకోవడం కరపత్రం చదవడం కన్నా మేలు. నెల రుసుముపై 18 శాతం జీఎస్టీ అదనమని, ప్రకటనలో చూపే ధర తరచుగా పన్ను కలపనిదని గమనించాలి. ఓఎన్‌టీ పెట్టె అద్దెకా, సొంతానికా, మానేస్తే తిరిగి ఇచ్చేదెవరికి అన్నది రసీదు మీద రాయించుకోవాలి.

గాజు తీగను రాగి తీగలా మలచకూడదు. గోడ మూలల వద్ద బిర్రుగా వంచినా, మేకు కొట్టి నొక్కినా లోపలి కాంతి బయటికి జారిపోతుంది. తలుపు సందులోంచి తీసుకురావడం కన్నా గోడకు చిన్న రంధ్రం వేయించడమే మంచిది. ఓఎన్‌టీ మీద 'లాస్' అన్న చోట ఎర్ర దీపం వెలిగితే బయటి నుంచి కాంతి రావడం లేదని అర్థం. అప్పుడు పెట్టెను పదేపదే ఆపి వేసినా ఫలితం ఉండదు. తీగ తెగిందని ఫిర్యాదు చేయాలి. వైఫై అందడం లేదని చాలామంది సంస్థను నిందిస్తారు గానీ, పెట్టెను హాలు మూలన టీవీ వెనుక దాచి, మందపాటి గోడల ఆవల పడకగదిలో వేగం కోరితే దొరకదు.

రాగి ఫోనుకు ఉన్న ఒక గుణం ఫైబరుకు లేదు. కరెంటు పోయినా పాత ఫోను మోగేది. దానికి కావలసిన విద్యుత్తు ఎక్స్ఛేంజీ బ్యాటరీల నుంచి తీగలోనే వచ్చేది. గాజు తీగలో విద్యుత్తు ప్రవహించదు. ఇంట్లో కరెంటు పోతే ఓఎన్‌టీతోపాటు ఫోనూ ఆగిపోతుంది. వృద్ధులు ఒంటరిగా ఉండే ఇళ్లలో, తుపాను రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. ఆ పెట్టెకు సరిపోయే చిన్న యూపీఎస్‌ను కనెక్షన్‌తోపాటే అమర్చుకోవాలి.

పని జరగకపోతే

ఫిర్యాదు చేసిన ప్రతిసారీ సంఖ్య తీసుకుని రాసిపెట్టుకోవాలి. ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం ప్రతి సంస్థకూ ఫిర్యాదుల కేంద్రం, దానిపైన అప్పిలేట్ అథారిటీ ఉండాలి. ఫిర్యాదుకు సంతృప్తికరమైన పరిష్కారం రాకపోతే 30 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు. దాన్ని 39 రోజుల్లో తేల్చాలి. అప్పీలుకు రుసుము లేదు.

అక్కడా న్యాయం జరగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. టెలిఫోను వివాదాలు ఈ కమిషన్ల పరిధిలోకి రావని 2009లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కారణంగా చాలాకాలం వినియోగదారులకు ఆ తలుపు మూసుకుపోయింది. 2022 ఫిబ్రవరిలో వొడాఫోన్ ఐడియా కేసులో సుప్రీంకోర్టు భిన్నంగా తీర్పునిచ్చి, టెలికాం సేవలపై ఫిర్యాదులు కమిషన్లు వినవచ్చని తేల్చింది. సేవకు చెల్లించిన సొమ్ము రూ.5 లక్షలు మించని ఫిర్యాదులకు దాఖలు రుసుము లేదు. న్యాయవాది లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు. బిల్లులు, ఫిర్యాదు సంఖ్యలు, ముద్ర వేసిన సరెండర్ దరఖాస్తు నకలు, మోడెమ్ అప్పగించిన రసీదు అక్కడ సాక్ష్యాలుగా పనికి వస్తాయి.